రాత్రి గాలిని బట్టి కల్లు

మా కల్లు పాక దగ్గరకొచ్చే మనిషి తాటాకు డొప్ప చేత్తో పట్టుకోకముందే అడిగే మాట ఒకటుంది. "ఇవాళ ఎలా ఉందండీ?" నిన్న తాగిన చెట్ల కల్లే ఇవాళా తాగుతాడు. గీసింది నేనే, కత్తి అదే, కుండలూ అవే. అయినా అడగాల్సిందే. కల్లు రుచి మా పనితనం ఒక్కదాంతో తేలేది కాదు. రాత్రి గాలి ఎటు నుంచి వచ్చింది, మంచు పడిందా, ఉక్క పోసిందా, మబ్బు పట్టిందా అన్నదాన్ని బట్టి తేలుతుంది. చెట్టు మొదట్లో నిలబడి, ఇంకా ఎక్కకుండానే, పైన కుండలో ఏముందో చెప్పగలిగినవాణ్ణే మా వృత్తిలో పనివాడంటారు.

మాది రామచంద్రపురం నుంచి ద్రాక్షారామం వెళ్ళే దారి పక్కన ఒక పల్లె. తూర్పు డెల్టా ఆయకట్టు. వరిచేలు, చేల గట్ల మీద తాడిచెట్లు, కాలువ గట్టున కొబ్బరి. తాత గీశాడు, నాన్న గీశాడు, పదో తరగతి అయ్యాక నేనూ మోకు కట్టాను. మా వృత్తి గురించి రాసేవాళ్ళు ఎక్కువగా చెట్టు మీంచి పడిపోవడం గురించో, ప్రభుత్వ పథకాల గురించో రాస్తారు. అవి రాయాల్సినవే. కానీ మేం రోజూ మాట్లాడుకునేది వాతావరణం గురించి. దాన్ని గురించి మాలో ఎవరూ రాసినట్టు నా కంట పడలేదు. అందుకే ఇది.

తెలియనివాళ్ళ కోసం పని ఎలా నడుస్తుందో చెప్పాలి. తాడిచెట్టు పూతకి రావడానికి పన్నెండు పదిహేనేళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. కార్తీకం వెళ్ళేసరికి ఎండుమట్టలు కొట్టి చెట్టు తల శుభ్రం చేస్తాం. మగచెట్టు పూతకాడలు విచ్చుకోకముందే కలిపి కట్టి, చెక్క పట్టకారుతో రోజూ మెల్లగా నొక్కుతాం. ఆడచెట్టుకైతే లేతకాయల మధ్య కాడని నొక్కాలి. కొన్ని రోజులు అలా చేశాక కొస కోస్తే చుక్క దిగడం మొదలవుతుంది. అక్కడ కుండ కడతాం. ఇక అక్కణ్ణుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి, ఆ కొసన అతి పల్చటి పొర ఒకటి కోస్తూ ఉండాలి. లోతుగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది. కోయకపోతే కోత ఆరిపోయి మూసుకుపోతుంది. రెండు మూడు రోజులు ఎక్కలేదంటే ఆ గెల మీద ఆశ వదులుకోవాలి. పెళ్ళి వచ్చినా జ్వరం వచ్చినా మా బదులు ఇంకొకరు ఎక్కాల్సిందే.

కాడలోంచి దిగేటప్పుడు అది కల్లు కాదు. తియ్యటి నీరా. అందులో చక్కెర సుమారు పది పన్నెండు శాతం ఉంటుంది. కుండలో పడ్డ క్షణం నుంచే పులియడం మొదలెడుతుంది. తోడు వేసేవాళ్ళెవరూ ఉండరు. మట్టికుండ గోడల్లో నిన్నటి ఈస్టు దాక్కుని ఉంటుంది, గాలిలో ఉంటుంది, ఈగలూ కందిరీగలూ కొంత మోసుకొస్తాయి. ఈస్టు చక్కెరని తిని ఆల్కహాలు చేస్తుంది. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం దాకా వెళ్తుంది. దాని పక్కనే పులుపు చేసే సూక్ష్మజీవులు వేరే పని మీద ఉంటాయి. అవి పాలు తోడుకునేటప్పటి పులుపు, ఆ తర్వాత వెనిగర్ పులుపు తెస్తాయి. ఈస్టు పని పూర్తయ్యేలోపు ఈ రెండో జట్టు ఎంత దూరం వచ్చింది అన్నదే కల్లు నాణ్యత. దాన్ని తేల్చేది వేడి.

చల్లటి రాత్రి అన్నీ నెమ్మదిస్తాయి. తెల్లారి దించిన కుండలో తీపి మిగిలి ఉంటుంది, నురుగు సన్నగా ఉంటుంది, నాలిక మీద చిన్నగా చురుక్కుమంటుంది. మా డెల్టాలో చలికాలం రాత్రి 18, 20 డిగ్రీలకి దిగితే అదే గొప్ప. మార్గశిరం, పుష్యం నెలల్లో అలాంటి రాత్రులు వరసగా వస్తే, కల్లు తక్కువే అయినా పొద్దెక్కేదాకా నిలుస్తుంది. అదే వైశాఖంలో రాత్రి 28, 30 డిగ్రీల దగ్గర ఆగిపోతే, చెట్టు మీద ఉండగానే పులుపు సగం దారి వచ్చేస్తుంది. నేను కుండ దించేది తెల్లారగట్ల. కానీ సాయంత్రం ఆరింటికి పడ్డ మొదటి చుక్క అప్పటికే పదిగంటల వయసుది.

ఇదంతా వేడి లెక్క. వేడి ఒక్కటే అయితే మా పని సులువు, ఫోనులో ఉష్ణోగ్రత చూసుకుని చెప్పేయొచ్చు. చిక్కంతా గాలి దగ్గర ఉంది.

సంక్రాంతి చుట్టుపక్కల వీచేది ఉత్తరపు గాలి. పొడిగా, చల్లగా ఉంటుంది. ఆ గాలికి మట్టికుండ చెమరుస్తుంది. కుండ గోడలోంచి తేమ బయటికి ఊరి, గాలికి ఎగిరిపోతూ లోపలి నీరాని చల్లబరుస్తుంది. ఇంట్లో మంచినీళ్ళ కుండ చల్లబడేది కూడా ఇలాగే. అందుకే ఉత్తరపు గాలి వేళ కుండ మీద చెయ్యి వేస్తే చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా తగుల్తుంది. మాకు సీజను మొత్తంలో అన్నిటికన్నా మంచి కల్లు ఆ రోజుల్లోనే.

ఇక సముద్రపు గాలి. ఫాల్గుణం నుంచి సాయంత్రాలు ఈ గాలి చేల మీదుగా వచ్చి ప్రాణానికి హాయిగా ఉంటుంది. మనిషికి హాయే, చెట్టుకీ హాయే. గాల్లో తేమ ఉండబట్టి కోత తొందరగా ఆరదు, చుక్క ఆగకుండా దిగుతుంది, కుండ నిండుతుంది. కానీ అదే తేమకి కుండ చెమట ఆరదు. చెమట ఎగిరిపోయే చోటు గాలిలో లేదు. లోపలి నీరా బయటి వేడితో సమానంగా ఉండిపోతుంది. తెల్లారేసరికి కుండ నిండా కల్లు, కానీ పులుపు.

పడమటి గాలి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ రోజుల్లో వీచే వడగాలికి కోత గంటలోనే ఆరిపోతుంది, చుక్క చిక్కబడుతుంది, కుండ అడుగు దాటదు. మధ్యాహ్నం చెట్టు తల దగ్గర కూర్చుంటే మట్టల రాపిడికి చర్మం మండుతుంది. అంత వేడిలో కల్లు పాడైపోవాలి కదా. కాదు. గాలి ఎండి ఉండటం వల్ల కుండ బాగా చెమరుస్తుంది. పడమటి గాలి రోజు సాయంత్రం దించిన కల్లు, ఉక్కపోత రోజు దించిన కల్లు పక్కపక్కన పెట్టి తాగించండి. రెండో రోజు ఉష్ణోగ్రత తక్కువే అయినా, మొదటి రోజు కల్లే మెరుగ్గా ఉంటుంది. ఇది చెబితే చదువుకున్నవాళ్ళు నమ్మరు. మా పాకకి వచ్చిన ఒక సైన్సు మాస్టారు నమ్మి, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు గురించి చెప్పారు. పొడి గాలిలో అది చూపించే వేడి మామూలు థర్మామీటరు కన్నా బాగా తక్కువట. మా కుండ ఆ తడిగుడ్డ థర్మామీటరు లెక్కనే నడుస్తుందని అప్పుడు అర్థమైంది.

చెట్టు ఎక్కువ ఇచ్చే రాత్రి కల్లు మంచిది కాదు, కల్లు మంచిదైన రాత్రి చెట్టు ఎక్కువ ఇవ్వదు. ఈ రెండూ కలిసే రాత్రులు ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మాఘమాసం చివర్లో, ఉత్తరపు గాలి ఇంకా పూర్తిగా వదలకుండా, చెట్టు మాత్రం పూర్తి చుక్కలోకి వచ్చేసిన నాలుగు రోజులు ఉంటాయి. మా నాన్న ఆ నాలుగు రోజులూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. కత్తి పదును చూసుకోవడం, కుండలు కడిగి సెగ చూపించడం, అదే పని.

అందుకే ప్లాస్టిక్ డబ్బాలు కట్టేవాళ్ళని చూస్తే నాకు బాధ. పగలవు, తేలిక, నిజమే. కానీ ప్లాస్టిక్ చెమర్చదు. కల్లుకి మనం చేసిపెట్టగలిగిన ఏకైక చల్లదనాన్ని చేజేతులా తీసేసుకోవడం అది. కుమ్మరి బట్టీలు తగ్గిపోయాయి, కుండ దొరకడమే కష్టంగా ఉంది, ఒప్పుకుంటాను. అయినా మట్టికుండకి బదులు లేదు.

వాన సంగతి క్లుప్తంగా. కుండలో వాననీళ్ళు పడితే కల్లు పల్చబడుతుంది. తాటాకుతో గొడుగు కడతాం. మబ్బు పట్టిన రాత్రి భూమి వేడి పైకి పోదు కాబట్టి ఉక్క, కాబట్టి పులుపు. చెట్టు మాను తడిస్తే కాలికి కట్టిన బందం జారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములు మొదలైతే మాత్రం ఎంత మంచి గెలైనా వదిలి కిందికి దిగాల్సిందే. వరిచేల మధ్య అన్నిటికన్నా ఎత్తైనది తాడిచెట్టు, దాని తల మీద కూర్చున్నది మనం. పిడుగు పడి తల మాడిపోయిన చెట్లు మా ఊరి చుట్టూ ఉన్నాయి. విపత్తుల సంస్థ వాళ్ళు పిడుగు హెచ్చరికలు ఫోనుకి పంపిస్తున్నారు, దామిని అనే యాప్ ఉంది. మా కుర్రాళ్ళ చేత అది పెట్టించాను. ఆ హెచ్చరిక వచ్చాక ఎక్కినవాడితో నేను మాట్లాడను.

గాలితో పాటు నేల కూడా ఉంది. మా చెట్లు చేల గట్ల మీద ఉంటాయి. తొలి పంట సార్వా అయ్యాక రెండో పంట దాళ్వా. మార్చి ఆఖరు దాకా గట్టు కింద నీళ్ళు నిలిచే ఉంటాయి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ మా తాడిచెట్ల వేళ్ళకి ఇదే కాలెండరు. నీళ్ళల్లో ఉన్న చెట్టు బాగా ఇస్తుంది గానీ తీపి పల్చన. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. చేలు కోసేసి, గట్లు నెర్రెలిచ్చాక నీరా చిక్కబడటం నాలిక మీదే తెలుస్తుంది. అదే చెట్టు, అదే గెల. మారింది కింద తేమే.

రంగంపేట, పెద్దాపురం వైపు మెట్టలో ఎర్రనేల చెట్లున్నాయి. అక్కడ గీసే మా చుట్టాలు మా కల్లు తాగి, "నీళ్ళు బాగానే ఉన్నాయి బావా" అంటారు. వాళ్ళ చెట్లు మా చెట్లలో సగం కూడా ఇవ్వవు, కానీ తీపి గట్టిగా ఉంటుంది. ఈ విషయంలో వాళ్ళతో నేను వాదించను. వాదించడానికేమీ లేదు.

మారేడుమిల్లి, రంపచోడవరం ఏజెన్సీలో కొండరెడ్లు గీసే జీలుగు కల్లు ఇంకో లోకం. జీలుగు చెట్టు పూత తలదగ్గర మొదలై, ఒక్కో గెలా కిందికి దిగుతూ వస్తుంది. చివరి గెల అయిపోయాక చెట్టు చనిపోతుంది. బతికున్న ఆ కొద్ది ఏళ్ళూ మాత్రం మా తాడిచెట్టు కలలో కూడా ఇవ్వలేనంత ఇస్తుంది. కొండల్లో చలికాలం రాత్రులు మా డెల్టా రాత్రుల కన్నా బాగా చల్లన. ఒకసారి పుష్యమాసంలో అక్కడికి వెళ్ళినప్పుడు, పొద్దెక్కాక దించిన జీలుగు కల్లు తాగాను. ఇంకా తియ్యగానే ఉంది. మా దగ్గర ఆ వేళకి పులుపు మొదలైపోయేది. ఆ పనితనం గొప్పదే, కానీ ఆ తీపిలో పెద్ద వాటా కొండగాలిది. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధన స్థానం ఉంది. తాటి మీద, నీరా మీద అక్కడ చాలాకాలంగా పని చేస్తున్నారు. గీతగాళ్ళు వెళ్ళి చూడాల్సిన చోటు అది.

మా మేనల్లుడు నాసిక్‌లో ద్రాక్షతోటలో పని చేస్తాడు. వైను చేసే తోట. వాడి దగ్గరికి ఒక ఫిబ్రవరిలో వెళ్ళాను. మొదటి రోజే వాడన్నాడు, "మావయ్యా, ఇక్కడ కూడా పొద్దున లేచి అందరూ నీలాగే ముందు ఆకాశం చూస్తారు." నిజమే. నాసిక్ సముద్రానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలం పగలు ఎండ కాసినా రాత్రి బాగా చల్లబడుతుంది. అక్కడ ద్రాక్ష తీగని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. వానాకాలంలో కాయ పండితే బూజు పట్టి, పగిలి పాడైపోతుంది కాబట్టి, అక్టోబరు కత్తిరింపుతో పంటని చలికాలం మీదికి తోసి, ఫిబ్రవరి, మార్చిలో కోస్తారు. ఐరోపాలో ఎండాకాలం కాసి శరత్తులో కోసే పంటని ఇక్కడ మన ఋతువులకి తగ్గట్టు తిప్పుకున్నారన్నమాట. మనం పూతని ఆపలేం, తిప్పలేం. ఆ విషయంలో వాళ్ళని చూస్తే అసూయ కలిగింది.

తోటలో నాకు అన్నిటికన్నా వింతగా తోచింది రాత్రి చలి గురించి వాళ్ళు చెప్పిన మాట. ద్రాక్షకాయలో పుట్టుకతోనే పులుపుంటుంది. పండే కొద్దీ తీపి పెరుగుతూ పులుపు తగ్గుతూ వస్తుంది. రాత్రులు వేడిగా ఉంటే ఆ పులుపుని కాయే వాడేసుకుంటుంది. అప్పుడు వైనుకి తీపీ మత్తూ ఉంటాయి గానీ ప్రాణం ఉండదు. రాత్రులు చల్లగా ఉంటే పులుపు నిలబడుతుంది, వైను నిలబడుతుంది. అంటే ద్రాక్షకి చలి పులుపుని కాపాడటానికి కావాలి, నా కల్లుకి చలి పులుపుని ఆపటానికి కావాలి. ఒకే చల్లటి రాత్రి కోసం ఇద్దరం ఎదురుచూస్తాం, వాళ్ళకి కావలసింది ఒకటి, నాకు కావలసింది దానికి తలకిందులు. నేల విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. నీళ్ళు ఎక్కువైన తీగ కాయలు ఉబ్బుతాయి, రుచి పల్చబడుతుంది. మా మెట్ట చుట్టాల మాటే నాసిక్‌లోనూ విన్నాను.

వాళ్ళ భయాలు కూడా విన్నాను. 2014 మార్చిలో మహారాష్ట్రలో పడిన వడగళ్ళకి కోతకొచ్చిన ద్రాక్ష నేలపాలైంది. ఫ్రాన్సులో 2021 ఏప్రిల్‌లో, చిగురు వేసిన తీగల మీద మంచు గడ్డకట్టి చాలా ప్రాంతాల్లో పంట పోయింది. అక్కడి బోన్ అనే ఊళ్ళో ద్రాక్ష కోత ఏ రోజు మొదలైందో 1354 నుంచీ రాసిపెట్టిన లెక్కలున్నాయట. వాటిని 2018 దాకా పేర్చి చూస్తే, 1988 తర్వాత కోత సగటున పదమూడు రోజులు ముందుకి జరిగిందని తేలింది. ఆరువందల అరవై ఏళ్ళ లెక్క! ఇది విన్నాక నాకు చాలా రోజులు మనసు అక్కడే ఉంది. మాకు కూతవేటు దూరంలో యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ పాలనలోనే ఉంది. వాళ్ళ దేశంలో ద్రాక్ష కోత తేదీ రాసిపెట్టుకున్న చేతులు ఉన్నాయి. మా వైపు తొలి కుండ ఏ రోజు కట్టారో, ఏ ఏడు చుక్క ఎప్పుడు ఆగిందో రాసిపెట్టినవాడు ఒక్కడూ లేడు. మా నాన్నకి గుర్తుండేది, నాన్న పోయాడు.

వైను సీసా మీద ఏడాది వేస్తారు. ఆ ఏడు ఎండ ఎలా కాసిందో, వాన ఎప్పుడు పడిందో సీసాలో ఉండిపోతుంది, పదేళ్ళ తర్వాత కూడా తాగి చెప్పొచ్చు. కల్లుకి ఆ భాగ్యం లేదు. పొద్దుటి కల్లు వేరు, మాపటి కల్లు వేరు. మర్నాటికి వెనిగర్. మా సీజను మంచిదైనా చెడ్డదైనా రుజువు మిగలదు. అందుకే వాతావరణం మారుతోందని మేం అంటే ఎవరికీ ఆనదు.

నాకు గుర్తున్నవి చెబుతాను. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమ కొబ్బరిని నేలకి పడగొట్టింది. తాడిచెట్లు చాలామటుకు నిలబడ్డాయి, కానీ తల మట్టలు చీలికలైపోయి, ఆ ఏడు మా దగ్గర చుక్క సరిగా దిగలేదు. ఆకు లేనిదే చెట్టు చక్కెర ఎక్కణ్ణుంచి తెస్తుంది? 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను యానాం, కాకినాడ ప్రాంతంలో తీరం దాటింది. అప్పుడే నొక్కడం మొదలెట్టిన గెలలు వదిలేయాల్సి వచ్చింది. 2022 మే రెండో వారంలో అసని తుఫాను తీరం వెంట తిరిగి, మా ముఖ్యమైన రోజుల్ని మబ్బులో ముంచేసింది. 2023లో ఏప్రిల్ చివర, మే మొదట్లో అకాల వర్షాలకి గోదావరి జిల్లాల దాళ్వా ధాన్యం కళ్ళాల్లో తడిసింది. రైతు కష్టం పేపర్లలో వచ్చింది, రావాలి కూడా. అదే వానకి చెట్ల మీద మా గెలలు కూడా పోయాయి. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను. అప్పుడు సీజను ఇంకా మొదలు కాలేదు కాబట్టి బతికిపోయాం.

మే నెల తుఫాను కొత్తదేమీ కాదు. 1990లో వచ్చింది, 2010లో లైలా వచ్చింది. కాబట్టి ప్రతి తుఫానునీ పట్టుకుని లోకం మారిపోయిందనడం నాకిష్టం లేదు. నన్ను దిగులు పెడుతున్నది రాత్రులు. తుఫాను వచ్చిపోతుంది. వేడి రాత్రి వచ్చి ఉండిపోతోంది. మా నాన్న సంక్రాంతికి తలకి మఫ్లరు, ఒంటికి దుప్పటి ముక్క కట్టుకుని ఎక్కేవాడు. ఇప్పుడు నేను చాలా ఏళ్ళుగా చొక్కా మీదే ఎక్కుతున్నాను. దేశమంతటా రాత్రి ఉష్ణోగ్రతలు పెరుగుతున్నాయని వాతావరణ శాఖ లెక్కలూ చెబుతున్నాయి. పగటి ఎండ గురించి అందరూ మాట్లాడతారు. 2015 మే చివర వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లో వందలమంది చనిపోయారు, ఎవరం మర్చిపోలేం. కల్లుకి మాత్రం పగలు కాదు, రాత్రి ముఖ్యం. రాత్రి రెండు డిగ్రీలు తగ్గకపోతే పొద్దున మా చేతికొచ్చేది వేరే సరుకు.

దీనికి మేం చేసుకోగలిగింది కొంత ఉంది. కుండ లోపల సున్నం రాస్తే పులియడం ఆగుతుంది, తీపి కల్లు దొరుకుతుంది. ఉక్క రాత్రికి సున్నం కాస్త ఎక్కువ కావాలి, ఉత్తరపు గాలికి తక్కువ చాలు. ఎక్కువైతే నాలిక మీద తగుల్తుంది. ఎంత రాయాలన్నది సాయంత్రం నాలుగింటికి, ఎక్కేముందే నిర్ణయించాలి. అంటే రాత్రి గాలిని సాయంత్రమే చెప్పగలగాలి. పడమట కొస మబ్బు ఎలా ఉంది, చేలో కొంగలు ఎటు తిరిగి నిలబడ్డాయి, ఒంటి మీద చెమట ఆరుతోందా లేదా చూసుకుని నిర్ణయిస్తాను. ఈ మధ్య ఫోనులో గాలి తేమ శాతం కూడా చూస్తున్నాను. రైతుకి వాన పడుతుందా లేదా చెప్పే వాతావరణ సూచన వస్తోంది. గీతగాడికి కావలసింది రాత్రి పది నుంచి తెల్లారేదాకా గాలి ఎటు నుంచి, ఎంత తేమతో వస్తుందన్నది. అది మండలం వారీగా చెప్పడం ఇవాళ కష్టమైన పనని నేననుకోను. అడిగేవాళ్ళు లేక చెప్పడం లేదు.

కాసర్‌గోడ్‌లో కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ వాళ్ళు కొబ్బరి నీరా కోసం ఐసు పెట్టిన పెట్టె తయారు చేశారు. చుక్క పడ్డప్పటి నుంచే చల్లగా ఉంటుంది, సున్నం అక్కర్లేదు. చల్లదనాన్ని మనిషి చేత్తో చెట్టు మీదికి మోసుకెళ్ళే పద్ధతి ఇది. మంచిదే. కానీ అరవై డెబ్భై అడుగుల తాడిచెట్టు మీదికి, పూటకి అన్నేసి చెట్లకి ఐసు మోయడం మనిషికి సాధ్యమా అన్నది ఎక్కేవాణ్ణి అడిగి చెయ్యాలి.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. వాతావరణం బాగోని రోజు చెట్టు తగ్గిస్తుంది, తాగేవాళ్ళు తగ్గరు. ఆ తేడాలోంచే కల్తీ పుట్టుకొస్తుంది. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్ లాంటి మందులు నీళ్ళలో కలిపి కల్లని అమ్మేవాళ్ళు చెట్టు మొహం చూసి ఉండరు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. జులైలో మా తాడిచెట్ల మీద చుక్క ఉండదు. ఏ నెలలో ఏ చెట్టు ఎంత ఇస్తుందో తాగేవాడికి తెలిసుంటే, చెట్లకి మించి కల్లు ఎక్కణ్ణుంచి వచ్చిందని వాడే అడుగుతాడు. కల్లు తాగేవాళ్ళకి ఋతువులు తెలియడం వాళ్ళ ప్రాణానికి సంబంధించిన విషయం.

చెట్లు తగ్గిపోతున్నాయి. చేపల చెరువుల గట్లకి అడ్డమని, రోడ్డుకి అడ్డమని కొట్టేస్తున్నారు. కొట్టినచోట ఎవరూ పాతడం లేదు, ఎందుకంటే పాతినవాడి చేతికి రావడానికి పదిహేనేళ్ళు. మేం నలుగురం కలిసి భాద్రపదంలో తాటి టెంకలు ఏరి కాలువ గట్టున పాతుతున్నాం. దాళ్వా నీళ్ళు అందే గట్టున కొన్ని, నీళ్ళు తాకని ఎత్తు గట్టున కొన్ని. రెండు చోట్ల చెట్లు ఉంటే వాన ఎక్కువైన ఏడు ఒకటి, తక్కువైన ఏడు ఒకటి నిలబెడుతుందని నా ఆలోచన. వాటికి నీళ్ళు పొయ్యక్కర్లేదు. మొదట్లో తేగల కోసం ఎవరూ తవ్వుకుపోకుండా, పశువులు తొక్కకుండా ముళ్ళకంప కట్టాలి. ఏ గట్టు ఏ శాఖదో కనుక్కుని అర్జీ కూడా పెట్టాం. కంప కట్టే పని మాదే, అనుమతి కాగితం వాళ్ళు ఇస్తే చాలు. దాంతోపాటు ఒక నోటు పుస్తకం మొదలెట్టాను. తొలి కుండ కట్టిన రోజు, రాత్రి గాలి ఎటు నుంచి, పొద్దున కల్లు తీపా పులుపా, చుక్క ఆగిన రోజు. పక్క ఊరి గీతగాళ్ళిద్దరు తామూ రాస్తామన్నారు. పుస్తకాలు నేనే కొనిచ్చాను.